పెళ్లి వీడియోలను ఏవీ1లోకి మార్చవచ్చా? పెన్‌డ్రైవ్, హార్డ్‌డిస్క్, లైవ్ గురించి నా జవాబు

ప్రొద్దుటూరు నుంచి ఒక స్టూడియో యజమాని అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "ఏవీ1 అనే కొత్త ఉచిత ఫార్మాట్‌లో ఎక్స్‌పోర్ట్ చేస్తే వీడియో సైజు సగానికి సగం తగ్గుతుందని అంటున్నారు. పార్టీకి (పెళ్లివారికి) ఇచ్చే పెన్‌డ్రైవ్, మా దగ్గర పేరుకుపోయిన పాత హార్డ్‌డిస్కులు, కువైట్‌లో ఉన్న బంధువుల కోసం పెట్టే లైవ్, ఈ మూడింటికీ ఏవీ1 వాడవచ్చా? దానికోసం కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనడం దండగ ఖర్చు అవుతుందా?"

ముందు సూటిగా జవాబు చెబుతాను. పెన్‌డ్రైవ్‌కు ఏవీ1 వద్దు. పాత పెళ్లిళ్ల ఫైళ్లను ఏవీ1లోకి మార్చి అసలువి చెరిపేసే ఆలోచన అసలే వద్దు. యూట్యూబ్ లైవ్‌కు మాత్రం, అందులోనూ నెట్ బలహీనంగా ఉండే ఊళ్లలో చేసే లైవ్‌కు, ఇప్పుడే వాడండి. కార్డు కొనాలా వద్దా అన్నది మీ పనిలో లైవ్ వాటా ఎంత అన్నదాన్ని బట్టి ఉంటుంది. దాని గురించి చివర్లో రాస్తాను. నేను కడపలో పెళ్లి వీడియోల మిక్సింగ్, లైవ్ పనులు చేస్తాను కాబట్టి ఆ అనుభవంలోంచే మాట్లాడుతున్నాను. సినిమా పనికీ, టీవీ ఛానళ్ల పనికీ లెక్కలు వేరుగా ఉంటాయి.

ఒకే ఫార్మాట్‌కు మూడు రకాల జవాబులు ఎందుకంటే, వీడియోను కుదించేది మనమే అయినా దాన్ని విప్పేది చూసేవారి చేతిలో ఉన్న పరికరం. ఆ పరికరంలోని చిప్‌కు ఏవీ1 రాకపోతే మన దగ్గర ఎంత గొప్ప కార్డు ఉన్నా లాభం లేదు. అందుకని ఏ ఫైల్ ఎవరి దగ్గరికి, ఏ దారిన వెళ్తుందో చూసి నిర్ణయం తీసుకోవాలి.

ఈ ఫార్మాట్ ఎందుకు పుట్టిందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే "ఉచితం" అన్న మాట మీద చాలామందికి అనుమానం ఉంది. మనం రోజూ వాడే హెచ్.264 అనే వీడియో ఫార్మాట్ వచ్చింది 2003లో. దాని తర్వాతిదైన హెచ్.265 2013లో వచ్చింది, సాంకేతికంగా మంచిదే, కానీ దాని పేటెంట్ల లైసెన్సులు ఒకే చోట దొరకవు. వేర్వేరు పేటెంట్ కూటములకు వేర్వేరుగా రుసుము కట్టాల్సి వచ్చింది. ఆ చికాకు భరించలేక 2015లో గూగుల్, నెట్‌ఫ్లిక్స్, అమెజాన్, మైక్రోసాఫ్ట్, ఇంటెల్, సిస్కో, మొజిల్లా కలిసి అలయన్స్ ఫర్ ఓపెన్ మీడియా అనే కూటమిని స్థాపించాయి. గూగుల్ తన వీపీ9 ఫార్మాట్ తర్వాతి తరం కోసం చేస్తున్న పని, మొజిల్లా వైపు నుంచి డాలా, సిస్కో నుంచి థోర్, ఈ మూడు ప్రయత్నాల ఫలితాలూ కలిసి 2018 మార్చిలో ఏవీ1గా విడుదలయ్యాయి. విండోస్ కంప్యూటర్‌లో హెచ్.265 ఫైల్ తెరిస్తే మైక్రోసాఫ్ట్ స్టోర్ డబ్బు అడగడం మీరు చూసే ఉంటారు. ఏవీ1 ఎక్స్‌టెన్షన్ అదే స్టోర్‌లో ఉచితంగా దొరుకుతుంది. మన స్థాయిలో "రాయల్టీ లేదు" అంటే కంటికి కనిపించే తేడా దాదాపు ఇంతే. ఏవీ1 మీద కూడా తమ సభ్యులకు పేటెంట్లు ఉన్నాయంటూ సిస్‌వెల్ అనే సంస్థ 2020లో లైసెన్సింగ్ మొదలుపెట్టింది, కానీ అది పరికరాలు తయారుచేసే కంపెనీలతో తేల్చుకునే వ్యవహారం, స్టూడియో నడిపేవాడు దాని గురించి నిద్ర చెడగొట్టుకోనక్కరలేదు.

ఇప్పుడు "సైజు సగం" అన్న మాట. ఇది పూర్తిగా అబద్ధం కాదు. 2018లో ఫేస్‌బుక్ ఇంజనీర్లు చేసిన పరీక్షలో, ఒకే నాణ్యతకు హెచ్.264 హై ప్రొఫైల్‌తో పోలిస్తే ఏవీ1కు సుమారు 46 శాతం తక్కువ బిట్‌రేట్ (సెకనుకు పట్టే డేటా) సరిపోయింది. అయితే అది చాలా నెమ్మదిగా పనిచేసే ఎన్‌కోడర్‌తో (వీడియోను కుదించే ప్రోగ్రామ్‌తో), వాళ్లు ఎంచుకున్న వీడియోల మీద వచ్చిన సగటు. పెళ్లి వీడియోలో ఆ సగటు ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ కూలుతుంది అన్నది సన్నివేశాన్ని బట్టి ఉంటుంది.

తలంబ్రాల సన్నివేశాన్ని తీసుకోండి. ఎన్‌కోడర్ ప్రతి ఫ్రేమ్‌ను గళ్లుగా విడగొట్టి, ఈ గడి ఇంతకు ముందు ఫ్రేమ్‌లో ఎక్కడుందో వెతికి, అక్కడి నుంచి ఇంత దూరం జరిగిందని మాత్రమే రాసుకుంటుంది. హెచ్.264లో పెద్ద గడి 16 గుణించి 16 పిక్సెళ్లు. ఏవీ1లో అది 128 గుణించి 128 దాకా పోతుంది. వెనకున్న పూల డెకరేషన్, కదలకుండా కూర్చున్న పెద్దలు, మండపం స్తంభాలు ఇవన్నీ పెద్ద గళ్లలో చాలా చౌకగా సర్దుకుంటాయి, కాబట్టి వ్రతం, రిసెప్షన్‌లో కానుకల వరుస లాంటి చోట్ల ఏవీ1 ఆదా బ్రహ్మాండంగా ఉంటుంది. అదే తలంబ్రాలు పోసేటప్పుడు వేల బియ్యపు గింజలు, థర్మాకోల్ పూసలు ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు ఎగురుతాయి. వాటిలో దేనికీ ముందు ఫ్రేమ్‌లో పోలిక దొరకదు. పెద్ద గళ్లన్నీ చిన్న గళ్లుగా చీలిపోయి, ఆదా బాగా తగ్గిపోతుంది. పైగా బిట్‌రేట్ చాలకపోతే మొదట చెడేది గింజలు కాదు, వాటి వెనకున్న పెళ్లికూతురి ముఖం. చర్మం నునుపుగా ఉంటుంది కాబట్టి ఎన్‌కోడర్ అక్కడ వివరాలు కోసేసి, ఆ బిట్లను గింజలకు ఖర్చు చేస్తుంది. అందుకే నేను ఏ కొత్త సెట్టింగ్‌ను పరీక్షించినా తలంబ్రాల ముక్కతోనే మొదలుపెడతాను. అందులో నిలబడితే మిగతా పెళ్లంతా నిలబడినట్టే.

ఏవీ1కు ఇంకో మేలు ఉంది. రిసెప్షన్ స్టేజీ మీద నీలం, ఊదా ఎల్‌ఈడీ లైట్లు పడితే వెనక తెర మీద మెట్లుమెట్లుగా రంగు చారలు కనిపిస్తాయి కదా, 10 బిట్‌లో (ప్రతి రంగుకూ ఎక్కువ ఛాయలు రాసుకునే పద్ధతిలో) ఎన్‌కోడ్ చేస్తే అవి చాలావరకు పోతాయి. ఏవీ1 మామూలు ప్రొఫైల్‌లోనే 10 బిట్ ఉంది, కాబట్టి ఏవీ1 తెలిసిన చిప్‌కు అది కూడా తెలిసే ఉంటుంది. హెచ్.264లో కూడా 10 బిట్ ఉంది కానీ చాలా టీవీలు దాన్ని ఆడించవు.

పెన్‌డ్రైవ్ సంగతి. ఏవీ1ను విప్పే చిప్‌లు జనంలోకి వచ్చిన క్రమం చూడండి. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లు, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 30 వరుస కార్డులు వచ్చింది 2020లో. ఫోన్లలో మీడియాటెక్ డైమెన్సిటీ 1000తో మొదలై, క్వాల్‌కామ్ ఖరీదైన చిప్‌లలో స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 2తో, అంటే 2022 చివర్లో వచ్చింది. ఐఫోన్లలో 2023 నాటి 15 ప్రోతో మొదలైంది. ఆపిల్ మ్యాక్‌లలో ఎమ్1, ఎమ్2 చిప్‌లకు రాదు, ఎమ్3 నుంచే ఉంది. నెట్‌ఫ్లిక్స్ టీవీలకు ఏవీ1 పంపడం మొదలుపెట్టింది 2021 నవంబరులో. మన పార్టీల ఇళ్లలో ఉండే టీవీ అంతకంటే పాతదై ఉండే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే పెళ్లి వీడియోను అందరికంటే ఎక్కువసార్లు చూసేది పల్లెలో ఉన్న అవ్వాతాతలు.

జమ్మలమడుగు దగ్గర ఒక ఊరి నుంచి ఒకాయన ఇలాంటి పెన్‌డ్రైవ్ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. పెళ్లి తీసింది వేరే వాళ్లు. టీవీలో పెడితే మంగళవాయిద్యం వినిపిస్తుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. "వీడియో పోయిందేమో చూడండి సార్" అని ఆయన కంగారు. ఆడియో మామూలు ఏఏసీ ఫార్మాట్‌లో ఉంది కాబట్టి టీవీకి అర్థమైంది, చిత్రం ఏవీ1లో ఉంది కాబట్టి అర్థం కాలేదు, అంతే. హెచ్.264లోకి మార్చి ఇచ్చాను, ఆడింది. ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది: యూట్యూబ్ యాప్‌లో ఏవీ1 చక్కగా ఆడించే టీవీలు కొన్ని, అదే ఫైల్‌ను యూఎస్‌బీ నుంచి ఇస్తే సపోర్ట్ లేదని చెబుతాయి. చిప్‌కు వచ్చినా, టీవీలోని ప్లేయర్ ప్రోగ్రామ్‌కు ఆ సంగతి తెలియకపోవడమే కారణం. కాబట్టి "మా టీవీ కొత్తదే" అన్న పార్టీ మాటను నమ్మి ఏవీ1 ఇవ్వకండి.

పెన్‌డ్రైవ్‌లో చోటు చాలడం లేదన్నదే మీ అసలు సమస్య అయితే దారి వేరే ఉంది. పాత టీవీలు కొన్ని ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌నే చదువుతాయి, అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు. ఫుల్ హెచ్‌డీలో 8 ఎంబీపీఎస్ హెచ్.264 అంటే గంటకు 3.6 జీబీ వీడియో, ఆడియో కలుపుకున్నా 4 లోపే ఉంటుంది. నలుగు, ముహూర్తం, రిసెప్షన్ అని గంటలోపు భాగాలుగా విడగొడితే పార్టీకి వెతుక్కోవడమూ సులువు. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఇలా ఎనిమిది గంటలు దాదాపు పడతాయి. అంతకు మించిన పెళ్లి వీడియో చూసే ఓపిక పెళ్లికొడుక్కు కూడా ఉండదు.

హార్డ్‌డిస్కుల సంగతి. మీ కెమెరా నుంచి వచ్చేదే హెచ్.264 గానీ హెచ్.265 గానీ, అంటే ఇప్పటికే ఒకసారి కుదించిన వీడియో. మిక్సింగ్ అయ్యాక ఎక్స్‌పోర్ట్ చేసినది రెండోసారి కుదించినది. దాన్ని మళ్లీ ఏవీ1లోకి మారిస్తే మూడోసారి. మొదటి రెండుసార్లు పుట్టిన గళ్ల మచ్చలను కూడా ఏవీ1 అసలు చిత్రంలో భాగమే అనుకుని, వాటిని కాపాడటానికి బిట్లు ఖర్చు చేస్తుంది. ఎండిన చెరకు పిప్పిని మళ్లీ గానుగలో పెట్టినట్టు ఉంటుంది పని. అది కాక, వార్షికోత్సవానికి చిన్న వీడియో చేసి పెట్టమని పార్టీ నాలుగేళ్ల తర్వాత వచ్చినప్పుడు మీకు కావలసింది ఎడిటింగ్‌కు అనువైన ఫైల్. పాత కంప్యూటర్‌లో ఏవీ1 ఫైల్‌ను టైమ్‌లైన్ మీద పెట్టి వెనక్కీ ముందుకీ లాగి చూడండి, ఎందుకు వద్దంటున్నానో తెలుస్తుంది.

రా ఫుటేజ్ (కెమెరా నుంచి వచ్చిన అసలు వీడియో) ఎంతకాలం ఉంచుతారో బుకింగ్ రోజే కాగితం మీద రాసి, గడువు తర్వాత చెరిపేయండి. ఫైనల్ ఫైల్‌ను మాత్రం ఉన్నది ఉన్నట్టు రెండు వేర్వేరు డిస్కుల్లో ఉంచండి. కొత్త డిస్క్ ధర కంటే రాత్రింబవళ్లు కంప్యూటర్ ఆన్ చేసి పాత పెళ్లిళ్లను మార్చే కరెంటు, సమయం ఖర్చే ఎక్కువ. ఇక ముందు చేసే పెళ్లిళ్లకు, ఆన్‌లైన్‌లో దాచుకునే ఒక అదనపు కాపీని ఎడిటింగ్ ప్రాజెక్ట్ నుంచి నేరుగా ఏవీ1లో తీసుకుంటే తప్పు లేదు, నేనూ కొన్నిటికి అలా చేస్తున్నాను. దానికి వీడియోలను మార్చే హ్యాండ్‌బ్రేక్ ప్రోగ్రామ్‌లో ఎస్‌వీటీ-ఏవీ1 అనే ఎన్‌కోడర్‌ను ఎంచుకుని, ప్రీసెట్ 6 దగ్గర, 10 బిట్‌లో మొదలుపెట్టండి. ప్రీసెట్ అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది, సమయం విపరీతంగా పెరుగుతుంది. హెచ్.264లో మీరు వాడే సీఆర్ఎఫ్ (నాణ్యతను నిర్ణయించే) అంకెను ఇక్కడ అలాగే వేయకండి. అక్కడ కొలబద్ద 51 వరకు, ఇక్కడ 63 వరకు, రెండింటి అర్థం వేరు. అక్కడ 20 వాడేవారు ఇక్కడ 28 దగ్గర పెట్టి, తలంబ్రాల ముక్కను పక్కపక్కన చూసుకోవాలి.

యూట్యూబ్‌కు హైలైట్స్ అప్‌లోడ్ చేసేటప్పుడు ఏవీ1 కోసం తాపత్రయపడనక్కరలేదు. మనం ఏది ఇచ్చినా వాళ్లు మళ్లీ తమ ఫార్మాట్లలోకి మార్చుకుంటారు. ఎక్కువ బిట్‌రేట్ హెచ్.264 ఇవ్వండి, చాలు.

లైవ్ సంగతి. ఏవీ1 నిజంగా అక్కరకు వచ్చేది ఇక్కడే. రాయచోటి, రాజంపేట వైపు పెళ్లి అంటే కువైట్‌లో కనీసం ఒక అన్నో బావో ఉంటారు, సెలవు దొరకక లైవ్‌లో చూస్తారు. మన కష్టం అంతా ఫంక్షన్ హాల్ నుంచి యూట్యూబ్ సర్వర్ దాకా ఉన్న అప్‌లోడ్‌లోనే. ఆ ఒక్క దారిలో మాత్రం మనం ఏవీ1 పంపుతాం. సర్వర్ దాన్ని అందుకుని, చూసేవారి ఫోన్‌కు సరిపోయే ఫార్మాట్‌లోకి తానే మార్చి ఇస్తుంది. కువైట్‌లో ఉన్నాయన ఫోన్ ఎంత పాతదైనా ఇబ్బంది లేదు, ఎందుకంటే మన ఏవీ1 ఆయన దాకా పోదు. పెన్‌డ్రైవ్‌కు ఉన్న చిక్కు లైవ్‌కు లేకపోవడానికి కారణం ఇదే.

లక్కిరెడ్డిపల్లె వైపు ఒక ఊళ్లో, అప్‌లోడ్ 3 ఎంబీపీఎస్ దాటని చోట, నేను లైవ్ పెట్టాను. ఆ వేగంలో ఫుల్ హెచ్‌డీ హెచ్.264 పంపితే తలంబ్రాలప్పుడు తెరంతా గళ్లు గళ్లు అవుతుంది. 720కి దించక తప్పదు. అదే వేగంలో ఏవీ1 ఫుల్ హెచ్‌డీ పంపితే గింజలు కొంచెం అలుక్కుపోయాయి గానీ దంపతుల ముఖాలు స్పష్టంగానే ఉన్నాయి. ఎన్‌కోడింగ్ పని కార్డే చేస్తుంది కాబట్టి ల్యాప్‌టాప్ ప్రాసెసర్ మీద భారం పడలేదు. సాఫ్ట్‌వేర్‌తో లైవ్‌లో ఏవీ1 చేయడం సాధ్యమే కానీ, మే నెలలో మన ఎండలకు, షామియానా కింద, ల్యాప్‌టాప్ చేత ఆ చాకిరీ చేయించమని నేను చెప్పను.

సెట్టింగుల విషయానికి వస్తే, లైవ్ పంపే ఓబీఎస్ ప్రోగ్రామ్ 29.1 లేదా ఆ తర్వాతి వెర్షన్ ఉండాలి. యూట్యూబ్‌కు ఏవీ1 పంపే సౌకర్యం 2023లో ఆ వెర్షన్‌తోనే వచ్చింది. లైవ్‌ను సర్వర్‌కు పంపే పాత ఆర్‌టీఎంపీ పద్ధతిలో ఏవీ1కు చోటు లేదు, దాన్ని విస్తరించిన కొత్త పద్ధతి కావాలి. అందువల్ల యూట్యూబ్ కాక వేరే చోట లైవ్ ఇవ్వమని పార్టీ అడిగితే, అక్కడ ఏవీ1 తీసుకుంటారో లేదో ముందే ఒక ప్రైవేట్ లైవ్ పెట్టి చూసుకోండి. రేట్ కంట్రోల్ సీబీఆర్ (బిట్‌రేట్ ఎప్పుడూ ఒకేలా ఉండేది), కీఫ్రేమ్ (పూర్తి చిత్రం ఉండే ఫ్రేమ్) విరామం 2 సెకన్లు పెట్టండి. బిట్‌రేట్‌ను అప్‌లోడ్ వేగంలో మూడింట రెండు వంతులు దాటనీయకండి. ఆ వేగాన్ని కూడా ఖాళీ హాల్లో ముందురోజు కొలిచి నమ్మకూడదు. తెల్లవారుజాము ముహూర్తానికి నెట్ బాగానే ఉంటుంది. పగలు పది దాటిందంటే వచ్చిన చుట్టాల ఫోన్లన్నీ అదే టవర్ మీద పడతాయి, సగం మంది అదే సమయానికి వీడియో కాల్‌లో ఉంటారు. లైవ్‌తో పాటు ల్యాప్‌టాప్‌లో రికార్డు కూడా చేస్తే దాన్ని హెచ్.264లో, ఎంకేవీగా పెట్టండి. మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా రికార్డైనది దక్కుతుంది, మామూలు ఎంపీ4 అయితే మొత్తం ఫైలే తెరుచుకోదు.

కోచింగ్ సెంటర్ల పాఠాలు రికార్డు చేసే మిత్రులు ఎవరైనా ఇది చదువుతుంటే వారికి ఒక మాట: తెర మీద అక్షరాలు, గీతలు ఉండే వీడియోల కోసం ఏవీ1లో ప్రత్యేక ఉపాయాలు ఉన్నాయి. ఒకే ఫ్రేమ్‌లో ముందే గీసిన భాగాన్ని అలాగే కాపీ చేసుకోవడం, కొద్ది రంగులే ఉన్న గడిని రంగుల పట్టికతో రాసుకోవడం అలాంటివి. మీ సొంత యాప్‌లో పాఠాలు పెట్టేటట్లయితే ఆదా పెళ్లి వీడియో కంటే చాలా ఎక్కువ ఉంటుంది, పిల్లల డేటా కూడా మిగులుతుంది. అయితే పాత ఫోన్ల కోసం హెచ్.264 కాపీ కూడా పక్కన ఉంచాలి. చిప్‌లో ఏవీ1 లేని ఫోన్లలో డేవిడ్ అనే వేగవంతమైన సాఫ్ట్‌వేర్ డీకోడర్ పని నడిపిస్తుంది, 2024లో గూగుల్ దాన్ని ఆండ్రాయిడ్ 12, ఆపై ఫోన్లకు అప్‌డేట్‌గా పంపింది. అయినా బ్యాటరీ త్వరగా తగ్గుతుంది.

ఏవీ2 వస్తోంది కదా, అప్పటిదాకా ఆగుదామా అని కూడా కొందరు అడుగుతున్నారు. అదే కూటమి 2025లో ఏవీ2 గురించి ప్రకటన చేసింది. ఆగకండి. ఏవీ1 నిర్దేశం 2018లో వచ్చాక కంప్యూటర్ కార్డులకు విప్పడం రావడానికి రెండేళ్లు, కుదించడం రావడానికి నాలుగేళ్లు పట్టింది. ఏవీ2కి కూడా చిప్‌లు తయారై, ధర దిగి, మన బజారుకు రావడానికి అలాంటి కాలమే పడుతుంది.

ఇక కార్డు. ఏవీ1 కుదించే శక్తి ఉన్నవి ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 40 వరుస, ఇంటెల్ ఆర్క్, ఏఎండీ ఆర్‌ఎక్స్ 7000 వరుస, వాటి తర్వాత వచ్చినవి. ఆర్‌టీఎక్స్ 3060 లాంటివి విప్పగలవు గానీ కుదించలేవు. దుకాణంలో "ఏవీ1 ఉంది సార్" అంటే ఆ రెండింటిలో ఏది ఉందో అడగండి. ఏఎండీ ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీలకు విప్పడం కూడా రాదు. పల్లెల్లో లైవ్ పని మీకు తరచుగా వస్తుంటే 40 వరుస కార్డున్న ల్యాప్‌టాప్ తీసుకోండి, ఎడిటింగ్‌కూ పనికొస్తుంది. లైవ్ అప్పుడప్పుడూ మాత్రమే అయితే, ఉన్న సిస్టమ్‌తోనే 720 హెచ్.264 పంపి, ఆ డబ్బుతో రెండు మంచి హార్డ్‌డిస్కులు కొనుక్కోండి. తక్కువ ధరలో డెస్క్‌టాప్‌కు ఆర్క్ ఏ380 సరిపోతుంది, కానీ ఆర్క్ కార్డులు సరిగ్గా పనిచేయాలంటే మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ అనే సౌకర్యం ఉండాలి. మీ సిస్టమ్ ఇంటెల్ 10వ తరం కంటే పాతదైతే అది లేకపోయే అవకాశమే ఎక్కువ, కాబట్టి బోర్డు మోడల్ చూసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.